మా ఇంట్లో మంచి తెలుగు

జమ్మలమడుగు హైస్కూల్లో నేను తెలుగు అయ్యవారిని. కోస్తాలో బీఎడ్ చదివే రోజుల్లో నేను నోరు తెరిస్తే చాలు, నా సీమ యాసకు క్లాసంతా నవ్వేది. ఆ మంట చల్లారక, నా కూతురు సాయిలక్ష్మి పుట్టగానే ప్రొద్దుటూరులోని మా ఇంట్లో ఒక చట్టం పెట్టాను. పాప ముందు అందరూ పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడాలి. వీధి పిల్లలతో ఆటలు కూడదు. గోడ నిండా అక్షరాల పటాలు అంటించి, పిల్లల్ని పెంచడంలో నా అంతటివాడు జిల్లాలో లేడనుకున్నాను.

మా అమ్మ కమలాంబను రోజుకు పదిసార్లు దిద్దేవాణ్ణి. నెల తిరక్కుండానే ఆమెకు విసుగొచ్చింది.

"నేను మాట్లాడేదే తప్పయితే నోరు మూసుకుంటా పోరా," అంది. అన్నంత పనీ చేసింది. నా భార్య అప్పటికే అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. నేనేమో పొద్దున ఎనిమిదికి బస్సెక్కితే సాయంత్రం ఆరుకు దిగేవాణ్ణి.

మూడున్నరేళ్లు నిండినా పాపకు నాలుగు మాటలు రాలేదు. భయమేసింది. ఎవరో మంచి డాక్టరున్నాడంటే పులివెందుల తీసుకెళ్లాం. చెవులు బాగానే ఉన్నాయని చెప్పి, పగలంతా పాపతో ఎవరు మాట్లాడతారని ఆయన అడిగాడు. వందమందికి పాఠం చెప్పే నేను, ఎవరూ మాట్లాడరని ఒప్పుకున్నాను. ముందు వీధి తలుపు తియ్యమన్నాడు.

మర్నాటి నుంచి పాప ఎదురింట్లోనే. ఆ ఇంటి దిల్షాద్‌బీ జాకెట్లకు హుక్కులు కుడుతూ, మనవరాలు సనాతో, పాపతో, వచ్చేపోయే వాళ్లతో ఆపకుండా మాట్లాడేది. అనపకాయలు ఒలుస్తానన్న నెపంతో మా అమ్మా అక్కడికే చేరింది. మూడు నెలలకు పాప గలగలా మాట్లాడుతోందని ఇద్దరూ చెప్పారు. నా ముందు మాత్రం పెదవి విప్పేది కాదు. నన్ను ఊరడించడానికి అబద్ధమాడుతున్నారనుకున్నాను.

ఒక ఆదివారం ఆ ఇంటి వాకిట్లో చప్పుడు చేయకుండా నిలబడ్డాను. లోపల పిల్లలు ఇళ్ల ఆట ఆడుతున్నారు. సనాది అమ్మ వేషం, నా కూతురిది నాన్న వేషం. చంకలో ఒక సంచీ పెట్టుకుని, బస్సు దిగొచ్చినట్టు నాలుగడుగులు వేసి, పెదవుల మీద వేలుంచుకుని గట్టిగా చెప్పింది.

"నాయన వచ్చినాడు. ఎవురూ మాట్లాడగాకండి."

సనా నోరు మూసుకుంది. ఆటలో భాగంగా మా అమ్మా, దిల్షాద్‌బీ కూడా మూసుకున్నారు.

నా బిడ్డకు మాటలొచ్చాయి. సంతోషంతో గుండె నిండింది, సిగ్గుతో తల వాలిపోయింది. లోపలికి పోతే ఆ ఆట నిజమైపోతుంది. అందుకని బయటే మెట్టు మీద కూర్చుని, ఇంకో మాట కోసం చెవి ఒగ్గాను.