పాత మెస్సు తీగ

మా డిపార్టుమెంటులో ఆ కొత్త పెట్టె దిగినప్పటి నుంచి ఆ గది ఊడ్చడానికి నాకు రెట్టింపు సమయం పట్టేది. 1999 జూలై. పాత టెలిఫోను తీగలోనే ఫోను మాటా పోతుందని, దాని పక్కనే ఇంటర్నెట్టూ పరుగెత్తుతుందని అక్కడ పరిశోధన చేసే రజిని చెప్పింది. దాని జంట పెట్టె తార్నాక గేటు దగ్గరి లేడీస్ హాస్టల్లో, వార్డెన్ గదిలో ఉంది. రెండింటి మధ్య రెండు కిలోమీటర్ల రాగి తీగ. క్యాంపస్ ఎక్స్ఛేంజి వాళ్లు ఎన్నడో వేసింది.

రజిని పీహెచ్‌డీ అంతా ఆ తీగ మీదే. ఇలాంటి పెట్టెలు ఎక్కడ చేసినా ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలని ఆ ఏడాదే రూలు పుస్తకం వచ్చింది. దాని లెక్కన అంత దూరానికి సెకనుకు ఆరు మెగాబిట్ల వేగం రావాలి. మాకు నాలుగు దాటడం లేదు. శనివారం లోపల ఆరు చూపకపోతే, రాగి పనికిరాదని రాసి పెట్టెలు వెనక్కి పంపిస్తానని ఆమె గైడు కొండలరావు సారు చెప్పేశారు. ఆయన మొదటి నుంచీ వెలుగుతో నడిచే గాజు తీగ పక్షం.

గురువారం కంప్యూటరు తెర మీద కొండలాంటి గీత కనిపించింది. దాని నడుమ ఒక లోతైన గుంత.

“గీ గుంత ఏంది బిడ్డా?” అని రజినిని అడిగాను.

“అదే నా పానం తీస్తున్నది శివమ్మా. తీగకు ఎక్కడనో ఒక కొమ్మ ఉన్నది. లెక్క కడితే అరవై మీటర్లు వస్తున్నది. దాని చివర ఫోను లేదు.”

“ఫోను లేకుంటే దాంతోని ఏం లొల్లి? ఊకె పడి ఉంటది గదా.”

“ఫోను మాటకు ఏం కాదు. గీ సిగ్నలే అండ్లకు పోయి, చివర తగిలి, ఎనకకు వచ్చి అసలు దాన్ని గుద్దుతది. లైన్ల నక్షల సూస్తే కొమ్మనే లేదు. ఎక్కడని తవ్వాలె?”

నక్షలో లేని కొమ్మ అనగానే మా ఆయన గుర్తుకొచ్చాడు. చనిపోయేదాకా క్యాంపస్ ఎక్స్ఛేంజిలో లైన్‌మన్. ఫోను తీసేయమంటే ఫోను ఒక్కటే తీసేవాడు. తీగ మాత్రం కోసేవాడు కాదు. కొసకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి గోడలోకి దోసేవాడు. “రేపు మళ్ల అడుగుతరు. మళ్ల గోడ తవ్వాల్నా?” అనేవాడు. ఆ హాస్టల్ వెనక పాత మెస్సులో ఒకప్పుడు ఫోను ఉండేది. ఆ లైను వేసేటప్పుడు ఆయనకు టిఫిను అక్కడికే తీసుకుపోయేదాన్ని.

“హాస్టల్ ఎనక ఫోను తీగల డబ్బా ఒక్కపారి తెరిపిద్దాం బిడ్డా,” అన్నాను.

శుక్రవారం పొద్దున లైన్‌మన్ సామేలు గోడ మీది ఇనుప డబ్బా తెరిచాడు. మూత లోపల మా ఆయన చేతిరాత, నీలి పెన్సిలుతో. ఆయన ఉన్నప్పుడు అవి నాకు ఉత్త గీతలు. ఆయన పోయాక అక్షరాలు నేర్చుకున్నాను, ఇప్పుడు చదివాను: ‘పదిహేడు, వార్డెన్. మెస్సు కూడా ఇందులోనే.’

“గిదే! పదిహేడే మన లైను!” రజిని గట్టిగా అరిచింది.

కొమ్మ కోయమంటే సామేలు వెనక్కి జరిగాడు. “నేనైతే కొయ్య వదినె. రాజలింగన్న ఏసిన ముడి. గిన్నేండ్లైనా చిలుం పట్టలే సూడు.”

“మీ అన్న ఉంటే పని ఆపినందుకు నిన్నే తిట్టేటోడు. ప్లయరు ఇటు దే.”

“జర పైలం. పక్క తీగ కోస్తే వార్డెనమ్మ మన ఇద్దరినీ కోస్తది.”

మెస్సు వైపు పోయే రెండు పోగులనూ నేనే కోశాను. ఒక ముక్క తెంపి కొంగున ముడేసుకున్నాను.

మేము నడుచుకుంటూ డిపార్టుమెంటుకు చేరేసరికి ముందే ఉరికొచ్చిన రజిని తెర ముందు నిలబడి ఉంది. గుంత పూడిపోయింది. కింద అంకె ఆరు పాయింట్ మూడు. కొండలరావు సారు కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశారు.

“ఏం చేశావమ్మాయ్?”

“కొమ్మ కోసినం సార్. శివమ్మనే సూపిచ్చింది.”

“అయితే పెట్టెలు ఇక్కడే ఉంచుదాం. నీ రాగి బతికిపోయిందిలే.”

రజిని కుర్చీలో కూలబడి నవ్వింది. నాకు మాత్రం ఇంకో సందేహం మిగిలింది.

“సారూ, మీ గాజు తీగకు కొమ్మ ఉంటే గిట్లనే గుంత పడతదా?”

“పడదమ్మా. ఒక్క తీగ వెలుగునే ముప్ఫై ఇళ్లకు పంచొచ్చు. కొమ్మలు పెట్టుకోమని దాని రూలులోనే ఉంది.”

“ఎవ్వరూ లేని కొమ్మ ఉన్నా?”

“ఉన్నా ఫర్వాలేదు. ఎవరైనా వచ్చినప్పుడు తగిలించుకోవచ్చు.”

మా ఆయన ఉంటే ఆ రూలు ఆయనకు బాగా నచ్చేది. కోసిన రాగి ముక్క నా కొంగు ముడిలోనే ఉంది.

“మరి ముప్పై ఇండ్ల మాటలు ఒకదాంట్ల ఒకటి కలిసిపోవా సారూ?”

సారు చాక్‌పీసు అందుకున్నారు. నేను చీపురు గోడకు ఆనించి బోర్డు దగ్గరికి జరిగాను.