గురువారం చివరి పీరియడ్

ఆయా ఉమ్ షాహెర్ చీపురు గోడకు ఆనించి, తడిచేతులు తుడుచుకుని బడి గేటు బయటకు వచ్చింది. ఆ ఇనపరేకు గేటు గడియ విరిగి ఏడాదైంది. బాగు చేయించమని అడిగీ అడిగీ విసిగిపోయి, చివరికి తనే బయట బండ మీద కూర్చుని గేటుకు వీపు ఆనించడం మొదలుపెట్టింది. మనిషి కాస్త భారీ. గడియ కంటే ఆమే నయం.

జర్కా పట్నంలోని ఆ బడిలో పొద్దున ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు. రెండు పూటలూ ఇరికించాలంటే ఎక్కడో కోత పడాలి కదా! ఇంటర్వెల్ రొట్టె మింగడానికే చాలదు. ఆటల పీరియడ్లు ఒక్కొక్కటే లెక్కల టీచరు పాలయ్యాయి. మిగిలింది గురువారం చివరిది. మగపిల్లలేమో ముందే వచ్చి గేటు లాగి తొంగిచూస్తారు. ఆడపిల్లలు వాళ్ల కళ్లముందు పరిగెత్తారని ఇళ్లలో తెలిస్తే ఇంకేమైనా ఉందా! సగంలోనే ఆట కట్టు.

"ఇవాళ ఒక్క తలకాయ కనిపించినా ఆ పీరియడ్ కూడా లెక్కలకే ఇచ్చేస్తా," అని హెడ్మిస్ట్రెస్ పొద్దున్నే తేల్చేసింది.

"కనిపిస్తే నన్నడగండమ్మా," అంది ఉమ్ షాహెర్.

నాలుగో తరగతిలో బడి మాన్పించారు ఆమెను. ఆ తర్వాత నీళ్లు మోయడం, పెళ్లి, ఐదుగురు పిల్లలు, ఈ బడి గచ్చు. పరిగెత్తే తీరిక ఎక్కడిది? గేటు వెనక కేరింతలు వింటే మాత్రం ఆమెకు ప్రాణం లేచివచ్చేది. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది, పట్టించుకోలేదు.

"పిన్నీ, వాళ్లొచ్చారా?" లోపలి నుంచి రుదైనా గొంతు.

"వస్తే వచ్చారు, నేను చచ్చానా? నువ్వు పరిగెత్తవే!"

మగపిల్లలు రానే వచ్చారు. "జరుగు పిన్నీ, ఎండగా ఉంది," అన్నాడు వాళ్లలో పెద్దవాడు లుఅయ్.

"కరిగిపోతావా? పంచదార బొమ్మవి మరి! ఆ నీడలో కూర్చో."

ఎదురు కొట్టువాడు పుదీనా టీ పంపాడు. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది. తల గేటుకు ఆనించి కళ్లు మూసుకుంది.

లుఅయ్ మెల్లగా లేచాడు. పక్కవాడు చొక్కా పట్టి లాగాడు. "ఒరేయ్, లేపకు. లేచిందంటే చెప్పు తెగుతుంది." అందరూ గుసగుసలు మానేసి కూర్చున్నారు.

లోపల గంట కొట్టారు. టీచరు తోసినా గేటు కదల్లేదు. "తెరిచేదాకా ఆడుకోండి," అంది. పిల్లలు ఆ ఏడాదిలో మొదటిసారి తనివితీరా పరిగెత్తారు.

"పిన్నీ, మొత్తం ఆడేశాం!" రుదైనా రొప్పుతూ గేటు తట్టింది. మళ్లీ గట్టిగా తట్టింది. లుఅయ్ వచ్చి ఉమ్ షాహెర్ చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. ఏడుస్తూ కొట్టువాడి దగ్గరికి పరిగెత్తాడు.

నలుగురు కలిసి ఆమెను కొట్టువాడి వ్యానులోకి ఎత్తారు. గేటు దానంతటదే తెరుచుకుంది. అటు ఆడపిల్లలు, ఇటు మగపిల్లలు, ఎవరూ గడప దాటలేదు. ఆ రోజు ఒక్క తలకాయ కూడా లోపలికి తొంగిచూడలేదు.

బండ మీద తాగగా మిగిలిన టీ గ్లాసు ఉంది, అంచుకు పుదీనా ఆకు అంటుకుని.