పద్నాలుగో మంచం, ఎడమకాలు

ఆసుపత్రి వార్డులో కట్ల బాబాయ్ పీటను కాలితో నెట్టుకుంటూ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి జరుగుతున్నాడు. ఒకప్పుడు అది ఆఫీసు కుర్చీ. వెన్ను విరిగి మూలన పడితే, తనే రంపం తెచ్చి నాలుగు కాళ్లూ జానెడు మిగిల్చి కోసేశాడు. దాని మీద కూర్చుంటే రోగి పాదం సరిగ్గా కళ్ల ముందుకొస్తుంది. ముప్ఫై నాలుగేళ్లలో ఎన్నో ముఖాలు మరిచిపోయాడు గానీ, కట్టు కట్టిన పాదం మరిచిపోలేదు.

ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. అతడి జాగాలోకి ఎవరినీ వేయడం లేదట.

ఆపరేషన్ గది బయట నల్లబల్ల మీద సుద్దతో నాలుగు వరసలున్నాయి. మంగళవారం, శుక్రవారం కాళ్లు తీసే రోజులు. ఆ బల్ల ఖాళీగా ఉన్న మంగళవారం అతడెరగడు. ఆఖరి వరస: పద్నాలుగో మంచం, ఎడమకాలు, మోకాలి కింద.

పద్నాలుగులో ఉన్నది ఇస్త్రీ ఆవిడ. షుగరు వల్ల పాదాలు మొద్దుబారి, ఇస్త్రీపెట్టెలోని నిప్పు చెప్పులోకి జారినా తెలియలేదు. పదకొండు రోజులుగా పూటపూటా కడిగి కడుతున్నాడు. నలుపు రెండు వేళ్ల దగ్గరే ఆగింది.

"వేళ్లు తీస్తే చాలు కదమ్మా," అని నిన్న డాక్టరమ్మని అడిగాడు.

"చాలు బాబాయ్. తర్వాత నెలరోజులు కట్టెవరు కడతారు? నువ్వేమో వెళ్లిపోతున్నావు. మళ్లీ కుళ్లితే తొడ దాకా పోతుంది."

ఆమె చెడ్డది కాదు. అరవై మంచాలకు ఒక్కతే. కాలు తీయడానికి గంట చాలు, నిలబెట్టడానికి నెల కావాలి. ఆ నెల ఎవరి దగ్గరా లేదు.

అందుకే ఈ పొద్దున్నే ఇస్త్రీ ఆవిడ మొగుణ్ని పిలిపించి, పీట చూపించి కూర్చోమన్నాడు.

కట్టు విప్పగానే అతడు ముఖం తిప్పుకున్నాడు. "నా వల్ల కాదన్నా. కళ్లు తిరుగుతున్నాయి."

"తిరగనీ. చేతులు వణక్కుండా చూసుకో."

"ఊరందరి మురికీ ఉతికి ఇస్త్రీ చేశాడు," అంది ఆవిడ మంచం మీంచి. "పెళ్లాం పాదం చూస్తే మటుకు కళ్లు తిరుగుతాయంట."

"పెట్టె వేడి ఎలా చూస్తావు?" అడిగాడు బాబాయ్.

"తడివేలితో."

"పాదం కడిగే నీళ్ల వేడి కూడా నువ్వే చూడాలి, ముంజేతి మీద పోసుకుని. ఆవిడకి కాలినా తెలీదు."

అతడు కట్టిన మొదటి కట్టు కింద బాబాయ్ వేలు దూరలేదు. విప్పించాడు. రెండోది జారింది. విప్పించాడు. మూడోది నిలిచింది. దాన్నీ విప్పించి, డాక్టరమ్మ వచ్చాక ఆమె ఎదుటే మొదటి నుంచి చేయించాడు. ఈసారి అతడు ముఖం తిప్పుకోలేదు.

కట్టు మొదలెట్టే ముందు డాక్టరమ్మ వేళ్ల పక్క చర్మాన్ని నొక్కింది. తెల్లబడి, మెల్లగా ఎర్రబడింది. అక్కడికింకా రక్తం అందుతోంది.

"రోజూ చేస్తావా? ఒక్క పూట కూడా తప్పకూడదు."

"చేస్తానమ్మా."

"తప్పితే నేనూరుకుంటానా?" అంది మంచం మీంచి ఆవిడ.

డాక్టరమ్మ బల్ల దగ్గరికి వెళ్లి 'మోకాలి కింద' అన్నది అరచేత్తో తుడిచి, 'రెండు వేళ్లు' అని రాసింది. పైనున్న మూడు వరసలూ అలాగే ఉన్నాయి.

సాయంత్రం బాబాయ్ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. టిఫిను డబ్బా చంకన పెట్టుకున్నాడు.

"పీట తీసుకెళ్లవా బాబాయ్?" అంది నర్సు.

"ఇంట్లో ఎవరి కాళ్లు చూడనమ్మా?" అని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

పద్నాలుగో మంచం పక్కన పీట మీద రేపటి కట్టుగుడ్డలు, అంచుకు అంచు కలిపి, ఇస్త్రీ మడత నలగకుండా పేర్చి ఉన్నాయి.