ఉపవాసం రోజు ఉప్పు

"సాంబారులో ఉప్పు కాస్త తగ్గిందమ్మా. అయినా ప్రేమతో పెట్టావు, అదే చాలు" అన్నారు సామ్యేలు అయ్యగారు.

ఆయన మా పాస్టరు. మంచి మనిషి, ఎవరి మనసూ నొప్పించరు. ఉప్పు తగ్గిందని చెప్పకుండా కూడా ఉండలేరు. నేను నవ్వి ఉప్పు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. మా సంఘంలో ఉపవాస ప్రార్థన శుక్రవారం, మా ఇంట్లోనే. ఉదయం నుంచి సాయంత్రం దాకా అందరూ ఏమీ తినకుండా ప్రార్థించి, కూటం అయ్యాక కలిసి భోంచేస్తాం. ఆ భోజనం వండే మనిషికి కూడా ఉపవాసమే. నాలుక మీద ఒక్క చుక్క పడినా ఉపవాసం పోయినట్టేనని మా అత్తయ్య చెప్పింది. అంచేత కడుపులో నీళ్ళు తప్ప మరేమీ లేని నేను, ఇరవై మందికి సరిపడా సాంబారులో వాసన చూసి ఉప్పు వెయ్యాలి. వేశాను. తగ్గింది. కిందటి వారం ఎక్కువైంది. అప్పుడు మా ఆయన కిరణ్ పాల్ అందరి ముందూ "మీరు లోకానికి ఉప్పయి యున్నారన్న వాక్యం మా సెలీనా మరీ మనసుకు పట్టించుకుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమనుకుంటారు?

సకల జనుల సమ్మె మొదలై అప్పటికి పదిరోజులు దాటింది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు గనుల్లో పని ఆగిపోయి కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియదు. మాదాపూర్ వైపు ఉద్యోగాలు చేస్తూ ఊరికి ఆ చివర ఉండే మా సంఘంవాళ్ళు ఇళ్ళకు వెళ్ళలేక, ఆఫీసులకు రాలేక అవస్థ పడుతున్నారు. ఆ ఆదివారం ఆరాధనలో కిరణ్ లేచి నిలబడి "ఈ కష్టకాలంలో మన బిడ్డల కోసం ప్రభువు నాకు భారం ఇచ్చాడు. మియాపూర్‌లో మా ఇంటి తలుపు తెరిచే ఉంటుంది, ఎవరైనా రావచ్చు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి నొక్కి "ఎంత మంచి మనసమ్మా మీ ఆయనది" అంది. నిజమే, మంచి మనసే. ప్రభువు భారం ఆయనకిచ్చాడు. మొయ్యడానికి నన్నిచ్చాడు. సోమవారం సాయంత్రానికి మా రెండు గదుల ఫ్లాటులో ఎనిమిదిమంది దిగారు.

ఆ మర్నాడే మా ఇంట్లో పనిచేసే సాయమ్మ కొంగు దోపుకుని నిలబడింది. "సకల జనుల సమ్మె అంటున్నరు గదమ్మా. మరి మేం జనం గామా? రేపటి సంది రాను" అంది. సాయమ్మది పాలమూరు. మాది తెనాలి, మా ఆయనది గుంటూరు. ఏమనగలను? రావొద్దనే అన్నాను. పోతూ పోతూ గుమ్మంలో ఆగి "మీ దేవునికి గూడ జర చెప్పమ్మా, తెలంగాణ ఇయ్యమని. మేం మా ఎల్లమ్మకు చెప్పినం" అంది. సరే అన్నాను. ఆ సాయంత్రమే కూటంలో, సమ్మె త్వరగా ఆగిపోవాలని, ఎవరూ మమ్మల్ని ఇక్కణ్ణుంచి పొమ్మనకూడదని అందరితో కలిసి మోకాళ్ళూని ప్రార్థించాను. అంట్లు తోముతుంటే సాయమ్మ మాట గుర్తొచ్చి ఆమె అడిగినదాని కోసం కూడా ఒక మాట చెప్పాను. దేవుడు నన్ను చూసి ఏమనుకున్నాడో మరి. మోకాళ్ళ మీద ఒకటి, అంట్ల దగ్గర ఒకటి అడిగే మనిషికి ఏమిస్తాడు?

తెల్లవారుజామున అయిదింటికి లేచి టిఫిన్లు, తొమ్మిదింటికి రాయదుర్గంలో ఆఫీసు, ఆరున్నరకు మళ్ళీ వంటిల్లు. కిరణ్‌కు వాళ్ళ కంపెనీ ఇంటి నుంచే పని చెయ్యమంది. హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, కరెంటు పోయినప్పుడల్లా వచ్చినవాళ్ళతో వాక్యం మాట్లాడేవాడు. కనీసం ఆ పప్పయినా కడిగి పెట్టండి అంటే "నాకేం తెలుసు, అవన్నీ నీ డిపార్టుమెంటు" అనేవాడు. మోకాళ్ళ నొప్పులతో మంచం మీదున్న అత్తయ్య నన్ను చూసి జాలిపడేది. "మార్తలాగా ఎప్పుడూ ఆ పరుగులేంటే? కాసేపు మరియలాగా ప్రభువు పాదాల దగ్గర కూర్చో" అనేది. నేను చేతులు తుడుచుకుని కూర్చోబోతుంటే "టీ పెట్టావా?" అనేది. ఆమెను అనేం లాభం? ఆమె కూడా ముప్ఫై ఏళ్ళు కూటాలకు వండిన మనిషే. ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి కూర్చోవడం గొప్పదనుకుంటుంది.

ఇలా చెబుతుంటే నాకు దేవుడంటే కోపమనుకుంటారేమో. లేదు. ఆయన్ని నమ్ముకునే ఇంతదాకా వచ్చాను. వచ్చినవాళ్ళంటే కూడా కోపం లేదు. వాళ్ళలో ప్రశాంతి అని నర్సు పిల్ల ఉంది. ఒకరోజు డ్యూటీ నుంచి నాలుగు గంటలు నడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే కూలబడింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. వేడినీళ్ళలో ఉప్పు వేసి ఆ పిల్ల పాదాలు నా చేతుల్తో కడిగాను. ఆ పది నిమిషాలూ నాకెంత హాయిగా అనిపించిందంటే, ఒళ్ళునొప్పులు కూడా గుర్తు రాలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు. అదే చేతులు ఆ తర్వాత పన్నెండు కంచాలు కడుగుతుంటే మాత్రం ఏడుపొచ్చింది. రెండూ ఒకే చేతులు, ఒకే ఇల్లు. ఒకటి సేవ, ఇంకోటి చాకిరీ ఎలా అయ్యాయి? తేడా నాలో ఉందా, నా విశ్వాసం అంత చిన్నదా? ఎంత ఆలోచించినా తెగలేదు.

ఇంతలో ఆ మరుసటి వారం, బుధవారం నాడు మా మేనేజరు శివశంకర్ గారు పిలిచారు. అనంతపురం ఆయన, సూటిగా మాట్లాడతారు. "సెలీనా, ఈ కరెంటుతో ఇక్కడ పని జరిగేట్టు లేదు. టెస్టింగ్ టీము మొత్తాన్ని మూడు వారాలు చెన్నై ఆఫీసుకు పంపుతున్నాం. నువ్వే లీడ్. ఆదివారం కంపెనీ బస్సు. పోతావో లేదో శుక్రవారం రాత్రి లోపల చెప్పాల" అన్నారు. ఇంతకుముందు రెండుసార్లు ఆ లీడ్ పదవి నా దాకా వచ్చి పక్కకు పోయింది. 'ఇంట్లో ఇబ్బందవుతుందేమోనని నిన్ను అడగలేదమ్మా' అన్నారు అప్పుడు. ఈసారి అడిగారు. ఇప్పుడు వద్దంటే ఇక ఎవరూ అడగరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంటికొచ్చి కిరణ్‌తో చెప్పాను. "మంచిదే. ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఎనిమిదేళ్ళ మా హన్నా "అమ్మ బాస్ అయిపోతుందా?" అని గంతులేసింది. ఆ రాత్రి కూటం అయ్యాక, భోజనాలకు ముందు అందరం కళ్ళు మూసుకున్నాం. కిరణ్ ప్రార్థన మొదలుపెట్టాడు. బస్సుల కోసం, బడుల కోసం, ముఖ్యమంత్రి కోసం ప్రార్థించి, ఆఖరున గొంతు మార్చాడు. "ప్రభువా, లోకం ఒక పెద్ద పదవిని చూపించినా, ఈ కష్టకాలంలో నీ బిడ్డల పరిచర్యే ముఖ్యమని దాన్ని నీ పాదాల చెంత విడిచిపెట్టిన నీ దాసురాలి త్యాగాన్ని అంగీకరించు తండ్రీ."

నేను ఎప్పుడు విడిచిపెట్టాను? నోరు తెరవాలనుకున్నాను. కానీ ప్రార్థనకు ఎవరైనా అడ్డొస్తారా? మామూలుగా మాట్లాడుతుంటే కాదనొచ్చు, పోట్లాడొచ్చు. కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడేవాడి భుజం తట్టి 'ఏమండీ, అది అబద్ధం' అని ఎలా అంటాం? అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్లలో నాదీ ఉంది. అలవాటులో నోట్లోంచి వచ్చేసింది. నేనే విని ఉలిక్కిపడ్డాను. అయ్యగారి భార్య వచ్చి నన్ను కౌగిలించుకుంది. రెండు రోజులు మతి పోయినట్టే తిరిగాను. ఆమెన్ అంటే అలాగే జరుగును గాక అని కదా. నా నోటితో నేనే అన్నాను కదా. దేవుడికి మాటిచ్చినట్టా, ఇవ్వనట్టా? ఒకవేళ ఆయనే కిరణ్ నోటి ద్వారా నాతో మాట్లాడాడేమో. ఒకవేళ నాది ఒట్టి పదవి మీద ఆశేమో. కూరగాయలు కోస్తూ, బగ్గులు రాస్తూ ఇదే గొడవ.

శుక్రవారం ఉదయం మా ఆఫీసు క్యాబు మియాపూర్ డిపో దగ్గర ఆగిపోయింది. రోడ్డుకడ్డంగా పొయ్యిలు వెలిగించారు. "వంటా వార్పు మేడం. అర్ధగంట అయితది, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు డ్రైవరు నర్సింహ. దిగి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే భయంగానే ఉంది. నా మాట వింటే ఎక్కడిదాన్నో తెలిసిపోతుంది. ఒక గుండిగ దగ్గర నుంచి "సెలీనమ్మా!" అని కేక. సాయమ్మ. చేతిలో ఇంత గరిటె. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పట్టా మీద కూర్చోబెట్టింది.

"సూడు సూడు, మా ఆయన ఉల్లిగడ్డలు కోస్తుండు. ఇంట్ల ఎన్నడన్న కత్తి వట్టిండా? ఈడ టీవీవోళ్ళు వచ్చిండ్రని. ఇంట్ల వండితె ఎవ్వరు సూడరమ్మా, రోడ్డు మీద వండితె ఉద్యమం" అని పడీ పడీ నవ్వింది. ఒక ప్లేటులో కిచిడీ పెట్టి, పచ్చిపులుసు పోసి నా ముందుంచింది. "తిను."

"ఇవాళ నాకు ఉపవాసం సాయమ్మా."

"ఉపాసమా? నీ మొకం సూస్తే దినాం ఉపాసమున్నట్టే ఉంటది గదా. మూడేండ్ల సంది మీ ఇంట్ల పని జేస్తున్న. నువ్వు కూసొని తినంగ ఎన్నడు సూడలె. ఇయ్యాల నేను సూడాలె. తిను."

నా చుట్టూ నినాదాలు. ఎవరి సమ్మె ఆగాలని పది రోజులుగా మోకాళ్ళూనుతున్నానో వాళ్ళ అన్నం నా ముందు పొగలు కక్కుతోంది. పెట్టినామె ఎదురుగా గొంతుక్కూర్చుని నా చెయ్యి వైపు చూస్తోంది. తిన్నాను. వేడి కిచిడీ గొంతు దిగుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "కారమైందా?" అంది సాయమ్మ. అవునన్నాను. ఎవరైనా వడ్డిస్తుంటే నేను కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. తిన్నాక భయం పట్టుకుంది. ఉపవాసం పోయింది. బుధవారం దేవుడి దగ్గర మాట పోయింది, శుక్రవారం ఉపవాసం పోయింది, ఇక నా దగ్గర ఏం మిగిలింది? అయినా కడుపు నిండి ఉండటం వల్లనో ఏమో, ఆ భయం కూడా అంత గట్టిగా నిలబడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి వంట మొదలుపెట్టాను. శివశంకర్ గారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఎలాగూ ఉపవాసం పోయింది కదా అని గరిటెతో సాంబారు చేతిలో వేసుకుని చూశాను. ఉప్పు చాల్లేదు. ఇంకొంచెం వేసి, మళ్ళీ చూశాను. సరిపోయింది. షుగరు వల్ల ఉపవాసం లేని అత్తయ్య మంచం మీద నుంచి "కొంచెం ఇలా తే" అని గిన్నెలో వేయించుకుని, ఒక గుక్క తాగి నా వైపు ఎగాదిగా చూసింది. "ఇవాళ ఉప్పు సరిగ్గా పడిందేంటే?" అంది. నేను తల దించుకున్నాను. ఆమె గిన్నె తిరిగిస్తూ మెల్లగా "నేనూ చూసేదాన్నిలే, ఆ రోజుల్లో" అంది.

కూటం అయింది. హాలు నిండా మనుషులు, వరసగా కంచాలు. సామ్యేలు అయ్యగారు "అమ్మా సెలీనా, ఇంత పరిచర్య చేస్తున్నావు. ఈ పూట భోజనం మీద ప్రార్థన నువ్వు చెయ్యి తల్లీ" అన్నారు. కిరణ్ మెచ్చుకోలుగా తలాడించాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఆహారం కోసం నీకు స్తోత్రాలు" అన్నాను. వండిన చేతులను దీవించమని అందరూ అంటారు. నేను మాత్రం ఎప్పుడూ ఆ ముక్క వదిలేస్తాను, నన్ను నేనే పొగుడుకున్నట్టుంటుందని. ఆ పూట వదల్లేదు. "దీన్ని వండిన నా చేతులను దీవించు. ఈ ఉదయం నేను ఉపవాసం విడిచాను తండ్రీ. రోడ్డు మీద సాయమ్మ పెడితే తిన్నాను. తప్పో కాదో నాకు తెలియడం లేదు. తప్పయితే క్షమించు. మొన్న బుధవారం నేనన్న ఆమెన్ అలవాటులో వచ్చింది. మనసులోంచి రాలేదు, నీకు తెలుసు. దాన్ని లెక్కలో వేసుకోకు."

గదిలో ఎవరో దగ్గి ఆగిపోయారు. కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఆగిపోతానని తెలుసు.

"ఆదివారం నన్ను చెన్నైకి పంపుతున్నందుకు స్తోత్రాలు. అది నీ చిత్తమో నా ఆశో కూడా నాకు తెలియదు. నువ్వే చూసుకో తండ్రీ. నేను లేని ఈ మూడు వారాలూ ఈ ఇంటి తలుపు మూతపడకూడదు. ఈ బిడ్డల కోసం నువ్వు భారమిచ్చిన నీ దాసుడు కిరణ్ పాల్‌ను బలపరచు. అయిదింటికి ఆయన్ని నిద్ర లేపు. కందిపప్పు రెండో డబ్బాలో ఉందని గుర్తు చెయ్యి. అంట్లు తోమేటప్పుడు ఆయన నడుముకు శక్తినియ్యి. ఉప్పు చూసుకోవడానికి ఆయనకు సెలవియ్యి. యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ."

ఫ్యాన్ తిరుగుతోంది. ముందుగా పక్కగదిలో మంచం మీద నుంచి వచ్చింది, ముసలి గొంతు, "ఆమెన్" అని. తర్వాత హన్నా. తర్వాత ప్రశాంతి, అయ్యగారి భార్య, అయ్యగారు, ఆ వెనక ఇరవై గొంతులూ ఒక్కసారిగా. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. ఒక్క గొంతు ఇంకా రాలేదు.

అందరి తర్వాత వచ్చింది. "ఆమెన్" అన్నాడు కిరణ్. అని, ఉలిక్కిపడ్డాడు. కళ్ళు మూసుకున్నా నాకు తెలిసింది. అది ఎలా వచ్చేస్తుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?