మోరిసుకు నేసిన పట్టీ

కొత్తవాడలో వెంకట్రాజం కారు వస్తోందంటే ఎవరూ గడప దాటి చూడనక్కర్లేదు. మట్టెవాడ మలుపు తిరిగినప్పుడే దాని కిర్రుకిర్రు మగ్గాల చప్పుడును మింగేసి వీధంతా నిండేది. తెల్లదొరల కాలం నాటి నల్ల మోరిసు అది. సుబేదారిలో ఒక వకీలుగారి కొట్టంలో గడ్డి కింద పడి ఉంటే, వెంకట్రాజం తెచ్చుకుని, బతిమాలి బతికించి, పెళ్లిళ్లకు తిప్పుతున్నాడు.

ఇంజను బంగారమే. కారు ఒంటి రేకులతోనే తంటా. "పందిపిల్లలను సంచిల ఏసి కుట్టినట్టు ఒర్లుతాంది" అనేది అతని తల్లి రాజవ్వ. లోపల పక్కపక్కన కూర్చున్నవాళ్లు కూడా చెరువుకు అవతలి గట్టున ఉన్నవాళ్లను పిలిచినట్టు అరుచుకోవాల్సిందే.

ఎనభై ఒకటి ఎండాకాలంలో పక్కింటి గుండయ్య కూతురు శారదకు సిరిసిల్ల సంబంధం కుదిరింది. ఒకరోజు గుండయ్య వచ్చి అరుగు మీద రాజవ్వ పక్కన కూర్చున్నాడు.

"వదినా, ఎదుర్కోళ్లకు పిలగాన్ని మనోని కార్లనే తేవాలని నాకున్నది. కని బ్యాండోళ్లు ఒప్పుకుంటలేరు. ఆ కారు ఎంబడి నడిస్తె మా సన్నాయి మాకే ఇనపడదంటాన్రు."

వెంకట్రాజం మొహం మాడిపోయింది. లోపల మగ్గం గుంటలో కూర్చుని నేల మీద పరిచే దరీ నేస్తున్న అతని భార్య సుగుణకు మాత్రం నవ్వు ఆగలేదు. ఆమె రాజవ్వకు తమ్ముడి కూతురే. ఆ ఇంట్లో ఆమె నవ్వును ఆపినవాళ్లు ఎప్పుడూ లేరు.

మరునాడు వెంకట్రాజం కారులో కనబడ్డ ప్రతి సందులో నూనె పోశాడు. కింద నేల జారుడుబండ అయింది గాని కూత తగ్గలేదు. చివరికి సుగుణ కొంగు బిగించి వచ్చి మడ్‌గార్డు పక్కన గొంతుక్కూర్చుంది.

"బావా, నువ్వు జర బండిని ఊపు."

అతను ఊపాడు. ఆమె మడ్‌గార్డూ కారు ఒళ్లూ కలిసే చోట వేళ్లు పెట్టి, అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయింది. ఒకచోట కూత ఆమె వేళ్ల కిందే వణికింది. దబ్బనంతో గుచ్చి లాగితే నల్లటి పీచు ఒకటి ఊడి వచ్చింది. గోటితో విడదీసి చూసింది. పడుగు. పేక.

"బావా, గిది బట్ట! ఎవరో నేసిండ్రు దీన్ని. ఇనుముకు ఇనుముకు నడుమ పెట్టిండ్రు. అది పుచ్చి రాలిపోయింది, గందుకే రెండూ రాసుకుని ఒర్లుతానయ్."

"అయితె రబ్బరు పెడ్దామా?"

"రబ్బరెందుకు, మన ఇంట్ల మగ్గం లేదా? నేను నేస్త."

"మనుషులకు నేసినం, మంచాలకు నేసినం. ఇగ కార్లకు గూడ నేసుడేనా?" అంటూనే రాజవ్వ కండెలు చుట్టడానికి కూర్చుంది.

దరీకి మిగిలిన ఎర్ర నూలు ఉంది, పసుపు నూలు ఉంది. సుగుణ రెండు వేళ్ల వెడల్పున, మందంగా, ఎరుపు మీద పసుపు అంచుతో పట్టీ నేసింది. మైనాన్ని ఆముదంలో కరిగించి, పట్టీని అందులో ముంచి ఆరేసింది. ఇల్లంతా తలంటు వాసన.

వెంకట్రాజం కారు కింద వెల్లకిలా పడుకుని బోల్టులు వదులు చేశాడు. తెరుచుకున్న సందులోకి సుగుణ పట్టీని దూర్చసాగింది. బోల్టు అడ్డం వచ్చిన చోటల్లా కత్తెరతో చిన్న గాటు పెట్టి, పట్టీ బోల్టుకు అటూ ఇటూ సర్దుకునేలా కూర్చోబెట్టింది. రెండో కొస రాజవ్వ చేతిలో ఉంది.

"గుంజు అత్తమ్మా!"

"గుంజుతాన!"

"గంత గట్టిగ కాదు..." అనేలోపే రాజవ్వ పట్టీతో సహా నేల మీద కూలబడింది. ముందు ఆమే నవ్వింది. కారు కింద నుంచి వెంకట్రాజం నవ్వు డబ్బాలో గులకరాళ్లలా వినిపించింది. సుగుణకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

మడ్‌గార్డులు, ఫుట్‌బోర్డులు, బానెట్ అంచులు అన్నీ అయ్యాయి. వెంకట్రాజం బోల్టులు ఒకటి విడిచి ఒకటి బిగించుకుంటూ వచ్చాడు. బయటికి మిగిలిన అంచును కోయబోతే సుగుణ చేయి పట్టుకుంది.

"అంచు కోస్తరా ఎవరన్న? ఉండనియ్."

నల్ల కారుకు చుట్టూ ఎరుపూ పసుపూ అంచు. పంచె కట్టిన పెళ్లిపెద్దలా ఉంది మోరిసు.

మరునాడు పొద్దున్నే ముగ్గురూ ఎక్కారు. గుంత వచ్చింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఏమీ లేదు. ఇంకో గుంత. ఏమీ లేదు.

"ఆగిపోయిందా ఏంది కొడుకా?" వెనక నుంచి రాజవ్వ అడిగింది.

"లేదవ్వా, పోతాంది!"

సుగుణకు చక్కిలిగింతలు పెట్టినట్టయింది. కారు నీళ్ల మీద పడవలా సాగుతోంది. గాలి వినబడుతోంది, తన గాజులు వినబడుతున్నాయి. వెంకట్రాజం ఆమె వైపు చూశాడు. ఆనందం పట్టలేక, ఆ కారులో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, బలమంతా పెట్టి అరిచాడు.

"సుగుణా! నువ్వంటే నాకు పానమే!"

అప్పటికి కారు సరిగ్గా మట్టెవాడ చౌరస్తాలో ఉంది. పొద్దుటి బజారు నిండుగా ఉంది. తక్కెడలు గాలిలో ఆగిపోయాయి. వంకాయల గంప ముందు కూర్చున్న సోమక్క గట్టిగా బదులిచ్చింది.

"ఇనపడ్డదిరా అల్లుడా! నన్నన్నది గాదు గని, మంచిగ ఇనపడ్డది!"

బజారు గొల్లుమంది. రాజవ్వ కొడుకు భుజం తట్టింది. "మెల్లగ అను కొడుకా. పక్కపొంటే ఉన్నది."

కంగారులో కారు ఆగిపోయింది. అతను ఇంజను తిప్పే హ్యాండిల్ తీసుకుని అందరి కళ్ల ముందు దిగాల్సి వచ్చింది. చెవులు మిరపపండ్లయ్యాయి. తిప్పి తిప్పి మళ్లీ ఎక్కేసరికి సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతనికి మాత్రమే వినబడేలా అంది.

"ఇంకోపారి అను."

ఈసారి అతను మెల్లగానే అన్నాడు.

ఎదుర్కోళ్ల నాడు బస్టాండు నుంచి పెళ్లికొడుకును మోరిసులోనే తెచ్చారు. సన్నాయి ముందు, దాని వెనక డప్పులు, ఆ వెనక కారు. గుండయ్య పాలిచ్చే బర్రెను నిమిరినట్టు మడ్‌గార్డును నిమురుకుంటూ పక్కనే నడిచాడు. వాడ మొదట్లో సోమక్క పరుగున వచ్చి సుగుణ చేయి పట్టి డప్పుల ఆటలోకి లాగింది. సుగుణ ఒకసారి వెనక్కి చూసింది. అద్దం వెనక వెంకట్రాజం పళ్లన్నీ కనబడుతున్నాయి. ఇక ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

ముందు సీట్లో రాజవ్వకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. కిటికీలోంచి చేయి చాచి, డప్పు దెబ్బకు సరిగ్గా, బయట బిగించిన రబ్బరు హారను నొక్కసాగింది. పాం, పాం, పపాం! వెనక సీట్లో బాసింగం కట్టుకుని బొమ్మలా కూర్చున్న పెళ్లికొడుకు చాలాసేపు ఓర్చుకున్నాడు. చివరికి ముందుకు వంగాడు.

"పెద్దమ్మా, ఒక్కపారి నన్ను గూడ కొట్టనియ్యరాదు?"