ఎడమచేతి చప్పుడు

ముల్లును రికార్డు అంచు మీదికి దించేటప్పుడు మ్యూరియెల్ ఆగ్డెన్ ఊపిరి బిగబట్టేది. అది గాడిలో పడ్డాక వదిలేది. ఇరవై రెండేళ్లుగా రోజుకు వందసార్లకు తక్కువ కాకుండా అదే వరస. మొదటి పాటలో ఒక నిమిషం, మధ్యలో ఓ ముక్క, చివరి పాట చివర. రికార్డు తిరగేసి మళ్లీ అంతే. బాగుంటే ఎడమవైపు అరలోకి, చిటపటలుంటే కుడివైపు పెట్టెలోకి. పెట్టెలో పడ్డవి మధ్యాహ్నానికల్లా ముక్కలై, కరిగి, నల్లటి ముద్దలై మళ్లీ అచ్చుయంత్రాల దగ్గరికే చేరేవి. నిన్న ఒకరి పాటగా పనికిరానిది రేపు ఇంకొకరి పాటయ్యేది.

ఆ రికార్డుల కారఖానా స్టాక్‌పోర్ట్ రైలు వంతెనకు అవతల ఉంది. యంత్రాల హాలును ఆనుకుని, మందపాటి తలుపులతో, చెక్క అలమారంత చిన్న గదులు నాలుగు ఉన్నాయి. మూడోది మ్యూరియెల్‌ది. ఆమె పొట్టి మనిషి. హెడ్‌ఫోన్లకు అడ్డురాకుండా నెరిసిన జుట్టును చెవుల వెనక్కి పిన్నులతో బిగించేది. చెవులు మాత్రం మనిషికి మించినవి, తమ్మెలు పొడవుగా వేలాడేవి. వాటికి ఆమె ఏనాడూ లోలాకులు పెట్టలేదు. పెళ్లినాడు కూడా పెట్టలేదు. కోటుకు ఇత్తడి బొత్తాలుంటే తీసేసి గుడ్డ బొత్తాలు కుట్టుకుంది. తన ఒంటి మీదిదేదీ చప్పుడు చేయకూడదు. ఆమెవి పాము చెవులని హాలంతా చెప్పుకునేవారు.

ఆ బుధవారంతో ఆమెకు అరవై నిండాయి. సాయంత్రంతో ఉద్యోగమూ అయిపోతుంది. అయినా పొద్దున్న ఏడున్నరకే వచ్చి, మెత్తటి బ్రష్షుతో ముల్లు తుడిచి, ఎప్పటిలాగే పని మొదలుపెట్టింది.

పదిగంటలకు క్యాంటీనులో టీ. కిటికీ పక్క బల్ల పాటగాడు విక్ లాంబర్న్ అభిమానులది. బాయిలరు పక్కది ఇంకో పాటగాడు కెన్ హాలమ్ అభిమానులది. ఇలా పంచుకుని తొమ్మిదేళ్లయింది. డెబ్బై ఏడులో పత్రికలవాళ్లు న్యూవేవ్, అంటే కొత్త కెరటం, అని పేరుపెట్టిన కుర్ర పాటగాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు. ప్రతివాడికీ పాటలో మాట తనదే, వరస తనదే, గొంతూ తనదే. ఇద్దరి మొదటి పాటలూ ఒకే వారం, ఈ హాల్లోనే, పక్కపక్క యంత్రాల మీద అచ్చయ్యాయి. అప్పుడు ఎక్కువ అమ్ముడుపోయింది హాలమ్‌దే. ఇప్పుడు ఆ మాటంటే జనం నమ్మరు.

"మీ హాలమ్ బస్సు తప్పిపోయినవాడిలా పాడతాడని మావాడు ఎప్పుడో అన్నాడు," అంది జనీన్. రెండో గదిలో వినే పని ఆమెది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, కోటు మీద లాంబర్న్ బొమ్మ బిళ్ల.

"మావాడేమన్నాడో కూడా చెప్పు మరి. మీవాడు బస్సు కొనేసినవాడిలా పాడతాడన్నాడు," అన్నాడు విల్ఫ్. ఏడో నంబరు యంత్రం దగ్గర పాతికేళ్లుగా నిలబడుతున్న మనిషి. బేకన్ శాండ్‌విచ్ తింటూ మాట్లాడే అలవాటు.

"కొనుక్కునే స్తోమతుండాలిగా. అమెరికా అంతా తిరిగొచ్చాడు. మీవాడు ఈ పక్కనున్న బోల్టన్ దాటాడా?"

"బోల్టన్‌కేం తక్కువ పిల్లా? మా అత్తగారిది బోల్టనే."

"అందుకేగా మీరు వెళ్లరు."

బల్లలు రెండూ నవ్వాయి. విల్ఫ్ మ్యూరియెల్ వైపు తిరిగాడు. "తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాం. ఇవాళైనా చెప్పు. ఇద్దర్లో ఎవరు?"

"నేను ఎవరి పాటైనా పూర్తిగా విన్నదెప్పుడు?" అని ఆమె టీ తాగేసి లేచింది. ఆ మాట నిజమే. ఆమె ఇంట్లో రికార్డు ప్లేయరు కూడా లేదు. ఇంటికి వెళ్తే ఆమెకు కావలసింది నిశ్శబ్దం, దాని వెనక టీనీళ్లు మరిగే కెటిల్ ఈల.

అయితే ముక్కలుగా విన్నవాళ్లకు తెలిసేవి వేరే ఉంటాయి. మొదటి రికార్డులో లాంబర్న్ ప్రతి చరణానికి ముందూ గుటక వేసినట్టు గాలి పీల్చేవాడు. భయపడిన పిల్లవాడి ఊపిరి అది. పేరు పెరిగేకొద్దీ, వయొలిన్లు చేరేకొద్దీ ఆ ఊపిరి తగ్గుతూ వచ్చింది. ఎవరో టేపు ముందు కూర్చుని ఒక్కొక్కటీ కత్తిరించేస్తున్నారని ఆమెకు తెలుసు. ఐదో రికార్డుకు వచ్చేసరికి అతను గాలి లేకుండా బతికే మనిషయ్యాడు. మచ్చలేని పని. అయినా మూడో రికార్డు ఆఖరి పాటలో ఒకచోట అతని గొంతు వణుకుతుంది. అక్కడ మాత్రం ఆమె నియమం తప్పి అర నిమిషం ఎక్కువ వినేది.

హాలమ్ రికార్డుల్లో కుర్చీ కిర్రుమనేది, దగ్గు వినిపించేది. ఆమె వాటిని లోపాలుగా రాసేది కాదు. మనిషి చేసిన చప్పుడు వేరు, యంత్రం చేసిన చప్పుడు వేరు. హాలమ్‌కు మూడేళ్లపాటు రికార్డే లేదు. పెద్ద కంపెనీ వదిలేసింది. ఇప్పుడు లివర్‌పూల్‌లో ఇద్దరు మనుషులు నడిపే చిన్న కంపెనీ మూడువేల కాపీలు వేయిస్తోంది. శుక్రవారం నుంచి అతను ఊరూరా తిరిగి పాడబోతున్నాడు. ఆలోగా రికార్డు కొట్లలో ఉండాలి. మూడుగంటల లారీ అందుకే వస్తోంది. రేపటి నుంచి ఆరువారాలపాటు పద్నాలుగు యంత్రాలూ లాంబర్న్ కొత్త రికార్డువే.

పదకొండు దాటాక తలుపులోని గాజు మీద ఎవరో వేళ్లతో తట్టారు. సూపర్‌వైజరు టాటర్సల్. పొడుగ్గా, వంగినట్టుండే మనిషి, మెడలో టై ఎప్పుడూ ఓ పక్కకు జరిగి ఉంటుంది. వెనకే జనీన్, చేతిలో నాలుగు రికార్డులు.

"మిసెస్ ఆగ్డెన్, హాలమ్ రికార్డులో గాటు ఉందంటోంది ఈ అమ్మాయి. రెండోవైపు మొదటి పాటంతా టిక్కుటిక్కుమంటోందట. నాలుగు కాపీల్లోనూ అంతే. పొద్దున్న మీరు అదే రికార్డు బాగుందని పంపించారు."

"పంపించాను."

"మరి టిక్కు?"

"ఉంది. విన్నాను."

టాటర్సల్ ఇబ్బందిగా టై సర్దుకున్నాడు. కిందటి నెల నర్సు వచ్చి అందరి చెవులూ పరీక్షించింది. మ్యూరియెల్ కాగితంలో సన్నటి శబ్దాల దగ్గర గీత కిందికి దిగిపోయింది. ఆయన ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి, ఎలాగూ ఆమె ఉండేది ఇంకో నెలే కదా అనుకున్నాడు. మడిచిన సంగతి మ్యూరియెల్‌కు తెలుసు. ఇంట్లో కెటిల్ ఈల ఆవిరి చూశాకగానీ తెలియడం లేదని కూడా తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"లోపమని తేలితే మూడువేలూ ముక్కలు చేయాల్సిందే," అన్నాడాయన మెల్లగా. "మళ్లీ వేద్దామంటే ఆరువారాల దాకా యంత్రం లేదు. ఆ లివర్‌పూల్ వాళ్లు పొద్దున్న కూడా ఫోన్ చేశారు. ఇది ఆగితే కంపెనీ మూసేయడమేనన్నారు. అలాగని పాడైన సరుకు పంపి మాట పడలేను. ఏం చేయమంటారు?"

జనీన్ తల దించుకుంది. "నేను లాంబర్న్ వైపు కాబట్టి చెప్పిన మాట కాదిది మ్యూరియెల్. నిజంగా వినిపించింది."

"నీ చెవి తప్పు చెప్పలేదు తల్లీ. కూర్చో."

ఉన్న ఒక్క కుర్చీలో ఆ పిల్లను కూర్చోబెట్టింది. బిస్కట్ల పొట్లం కాగితం చిన్న ముక్క చింపి, నాలుకతో తడిచేసి, రికార్డు మధ్యనున్న చీటీ అంచున అంటించింది. ముల్లు దించింది. హెడ్‌ఫోన్లు జనీన్‌కు పెట్టింది.

"రికార్డు మీద గాటు ఉంటే చుట్టుకోసారి, ఒకేచోట పలుకుతుంది. అవునా? టిక్కుమన్నప్పుడల్లా కాగితం ఎటుందో చెప్పు."

జనీన్ కళ్లు కాగితం వెంట తిరిగాయి. "కిటికీ వైపు... తలుపు వైపు... మళ్లీ కిటికీ... ఇప్పుడు మీ వైపు." ఇంకో రెండు చుట్లు చూసింది. "ఒకచోట నిలవడం లేదు."

"దేనితో కలుస్తోంది మరి?"

"పాటతో. తాళంతో." ఆ పిల్ల హెడ్‌ఫోన్లు ఒక చెవి నుంచి జరిపింది. "నడిమధ్య గిటారు మెత్తగా వాయిస్తాడే, అక్కడ అసలు లేదు."

"అయితే యంత్రానిది కాదు, మనిషిదే. నీకు దాని మొన, ఆ సన్నటి టిక్కు, వినిపిస్తోంది. నాకిప్పుడు మొనలు వినబడవు, ఆ నర్సు సరిగ్గానే రాసింది." టాటర్సల్ నేల వైపు చూశాడు. "నాకు వెనకాల చెక్క వినిపిస్తోంది. అది ఉంగరం. వాయిస్తుంటే గిటారుకు తగులుతోంది. హాలమ్‌ది ఎడమచేతి వాటం, తీగలు మీటేది ఆ చేత్తోనే, పెళ్లి ఉంగరం పెట్టుకునేదీ ఆ చేతికే. మొదటి రెండు రికార్డుల్లోనూ ఈ చప్పుడుంది. తర్వాతి రెండింట్లో లేదు. భార్య వెళ్లిపోయిందని అప్పట్లో పేపర్లో వేశారు. ఇప్పుడు మళ్లీ వచ్చింది."

"భార్యా?"

"చప్పుడు. భార్య సంగతి నాకేం తెలుసు?"

టాటర్సల్ వంగి ఆ తిరిగే కాగితం ముక్కను చూశాడు. "ఉంగరాన్ని నమ్ముకుని మూడువేల రికార్డులు పంపానంటే పైవాళ్లు నవ్వుతారు," అన్నాడు. "అడుగుదాం."

ముగ్గురూ ఆఫీసు గదికి నడిచారు. ఏడో యంత్రం దగ్గర విల్ఫ్ చెయ్యి ఆపి చూశాడు. టాటర్సల్ లివర్‌పూల్‌కు ఫోన్ చేశాడు. ఎదురుగా ఉన్నట్టే టై సవరించుకున్నాడు.

"నమస్కారమమ్మా, స్టాక్‌పోర్ట్ నుంచి. రికార్డు గురించే. అబ్బే, ఆగలేదు. చిన్న సందేహం. మీ హాలమ్ గారు... వేలికి ఉంగరం పెట్టుకుంటారా?" అవతల ఏమిటని మళ్లీ అడిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అవునమ్మా, ఉంగరమే. ఎడమచేతికి." తర్వాత అవతలి గొంతు గబగబా మాట్లాడింది. ఆయన ఫోనుకు అరచెయ్యి అడ్డంపెట్టి మ్యూరియెల్ వైపు తిరిగాడు.

"ఈస్టర్ తర్వాత పెళ్లి చేసుకున్నాడట. రిజిస్ట్రారు దగ్గర, ఇద్దరే సాక్షులట. పేపర్లవాళ్లకు ఎక్కడా తెలియనివ్వలేదట. మనకెవరు చెప్పారని అడుగుతోంది."

"అతనే చెప్పాడనండి," అంది మ్యూరియెల్. "రెండోవైపు, మొదటి పాట."

జనీన్ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఆ కబురు రెండు నిమిషాల్లో హాలంతా పాకింది. మోతలో మాట వినబడక విల్ఫ్ తన వేలి ఉంగరాన్ని యంత్రం పిడికి టకటకా కొట్టి చూపించాడు.

లారీ మూడుకు రావాల్సింది ముప్పావు గంట ముందే వచ్చింది. మూడువేల రికార్డులూ అట్టపెట్టెల్లో ఎక్కాయి. వాన సన్నగా పడుతోంది. టాటర్సల్ తన గొడుగు తనకు కాకుండా పెట్టెలకు పట్టుకుని నిలబడ్డాడు.

మూడున్నరకు క్యాంటీనులో కేకు కోశారు. రికార్డు ఆకారంలో గుండ్రంగా, నల్లటి చాక్లెట్‌తో, మధ్యలో ఎర్ర చీటీలా చెర్రీ జెల్లీ. జనీన్ చేసుకొచ్చింది. మొదటిసారి కిటికీ బల్లనూ బాయిలరు బల్లనూ జరిపి కలిపారు. టాటర్సల్ నాలుగు మాటలు రాసుకొచ్చి రెండే చదివాడు. తర్వాత విల్ఫ్ చెంచాతో కప్పు మీద కొట్టాడు.

"ఇక తప్పించుకోలేవు. ఇద్దర్లో ఎవరు?"

మ్యూరియెల్ కేకు ముక్క నమిలి మింగేదాకా అందరూ ఆగారు.

"లాంబర్న్ రికార్డొస్తే నాకు పని తేలిక. ఒక్కసారి వింటే చాలు, ఎక్కడా మచ్చుండదు. హాలమ్‌ది రెండుసార్లు వినాల్సొస్తుంది."

"చూశారా, మావాడేనంటోంది," అంది జనీన్.

"రెండుసార్లు వింటానందమ్మా, అర్థంకాలేదా? మావాడే," అన్నాడు విల్ఫ్.

రెండు పక్షాలూ గెలిచామనుకుని గోల చేశాయి. ఆ గోలలో ఆమె గుడ్డ బొత్తాల కోటు తొడుక్కుని, నాలుగుగంటల పది నిమిషాల బస్సుకైతే జనం తక్కువని పక్కనున్నవాళ్లతో చెప్పి, మిగిలిన కేకులో ఒక ముక్క కాగితంలో చుట్టుకుని, వెనక గేటు నుంచి బయటికి నడిచింది. రబ్బరు అడుగుల బూట్లు. తడి నేల మీద కూడా చప్పుడు లేదు. విల్ఫ్ ఆమె కోసం ఇంకో కప్పు టీ పోసి వెతికేసరికి బస్సు వంతెన కింద మలుపు తిరిగింది.

మర్నాడు పొద్దున్న జనీన్ మూడో గదికి మారింది. కుర్చీ ఎత్తు పెంచుకుంది. ముల్లు తుడిచే బ్రష్షు దాని చోట అదుంది. తలుపు వెనక మేకుకు వేలాడే తనిఖీ చీటీల కట్టలో మాత్రం పైనున్నది చింపకుండా మిగిలిపోయింది. దాని మీద 'లోపం' అని అచ్చయి ఉన్న గడిలో, పెన్సిలుతో, బడిపిల్ల రాతలాంటి మ్యూరియెల్ గుండ్రటి అక్షరాల్లో, 'పెళ్లయింది, పంపవచ్చు' అని రాసి ఉంది.