అనప సాళ్లు

"ఇంగ నువ్వు కలుపుకు వంగే పని లేదు పో" అన్నాడు మా ఆయన అంబరీష్, మందు ట్యాంకు వీపుకు తగిలించుకుంటూ. రాగి విత్తి అప్పటికి రెండో రోజు. నేల తడిగా ఉంది. ఆ తడిలో మందు పైపొరలోనే నిలుస్తుందట. మొలకెత్తే కలుపు గింజ దాన్ని పీల్చుకుని చస్తుందట, రాగి మాత్రం తట్టుకుంటుందట. తొక్కితే పొర చెదురుతుందని తను వెనక్కి నడుస్తూ కొట్టాడు. నీళ్లు మోసింది నేను. సంతోషంగానే మోశాను, అబద్ధమెందుకు. పదకొండేళ్లు ఆ చేనులో వంగి నా నడుము పడిపోయింది. "కూచుని గడ్డి గిల్లేది కూడా ఒక పనేనా" అని మా అత్త జయలక్ష్మమ్మ అననే అంటుంది.

పది సాళ్ల రాగికి ఒక సాలు అనప వేయడం మావైపు ఆనవాయితీ. మగవాళ్లు గొర్రు తోలుతుంటే, వెనక కట్టిన గొట్టంలో అనపగింజలు వదిలేది ఆడవాళ్లే. మా అమ్మ ఇచ్చిన గింజ అది. ఏటా బూడిద కలిపి ముంతలో దాచుకుంటాను. చలికాలమంతా ఈ ఇంట్లో అందరూ లొట్టలేసుకుని తినే, పచ్చి గింజల తోలు పితికి వండే పితికిపప్పు ఆ సాళ్లదే.

వారానికి రాగి పచ్చగా లేచింది. అనప లేచిన చోటే పసుపు తిరిగి వాలిపోయింది. ఒక్క సాలూ మిగల్లేదు. రెండు మొక్కలు పీకి కొంగులో కట్టుకుని టేకల్ వెళ్లాను, మందు అమ్మిన కృష్ణప్ప అంగడికి.

"అయ్యో, అనప ఉండాదా తల్లీ? చేన్లో ఇంకేమైనా ఉండాదా అని అడిగితినే. రాగి ఒకటే, ఇంకేమీ లేదన్నాడు మీ ఆయన. ఈ మందు రాగినే వదిలేది. అనపా దానికి కలుపే."

నాకు కోపం వచ్చింది మందు మీద కాదు. నేను వెనక నడుస్తూ గింజ వదులుతుంటే ముందు గొర్రు తోలింది ఆయనే.

ఇంటికొచ్చి అడిగాను. "నీ అనపలు యాడ గుర్తుంటాయి మే? అది కూడా పంటేనా?" అన్నాడు, ముద్ద మింగుతూ. అత్త సాంబారు వడ్డిస్తూ నవ్వింది.

ఐదో వారానికి మందు బలం తగ్గి సాళ్లలో గడ్డి లేచింది. అచ్చం రాగి మొక్కలాగే ఉండే గడ్డి. మొదలు పట్టుకుని చూస్తే తప్ప తెలీదు, అది ఈ ఇంట్లో నా వేళ్లకే తెలుసు. ఆయన గట్టు మీద నిలబడి పిలిచాడు.

"దిగి ఏరెయ్ మే, రాగిని మింగేస్తా ఉండాది."

నేను అప్పటికి బావి పక్క ఖాళీ తునకను తవ్వుతున్నాను. ముంతలో మిగిలిన గుప్పెడు గింజ నా ఒడిలో ఉంది.

"చేన్లో రాగి తప్ప ఇంకేమీ లేదని నువ్వే చెప్పినావు కదా" అన్నాను, తల ఎత్తకుండానే. "నా అనప లేకుంటే నేనూ లేనట్లే. లేనిదాన్ని, నేనెట్లా దిగేది?"